దుప్పటి పిండిన అగ్రరాజ్యాలు

అన్యాయం జరిగింది ఎవరికి? ఒక దినపత్రిక కార్యాలయంలో, బొమ్మల అచ్చు బ్లాకులు చేసే గదిలో పనిచేసిన ఇరవై ఏళ్ళ అమ్మాయికి. ఎలా జరిగింది? ఆమె గీసిన అరవై నాలుగు రాజకీయ వ్యంగ్యచిత్రాలు మరొకరి సంతకంతో అచ్చయ్యాయి. లోకం వాటిని చూసి నవ్వింది, కత్తిరించి దాచుకుంది, పాఠ్యపుస్తకాలలో చేర్చుకుంది. మెప్పు మాత్రం వేరే ఇంటి గుమ్మం తొక్కింది.

ఈ అన్యాయానికి అరవై ఏళ్ళు నిండాయి. అది ఎలా చక్కబడిందో చెప్పడమే ఇక్కడి పని. ఆ దారిలో ఇద్దరు ప్రేమలో పడ్డారు కనుక దీన్ని ప్రేమకథ అని పిలిచినా అభ్యంతరం లేదు.

మెప్పు చేరిన ఇంటి మనవడు ఒక కళాశాలలో చరిత్ర అధ్యాపకుడు. వయసు ఇరవై తొమ్మిది. విద్యార్థులు అతన్ని బొమ్మల మాస్టారు అనేవారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా, రష్యాల మధ్య నాలుగు దశాబ్దాలు నడిచిన వైరాన్ని అతడు తేదీలతో చెప్పడు, కార్టూన్లతో చెబుతాడు. తెర మీద ఒక బొమ్మ వేసి, పక్కకు జరిగి, "ఇందులో ఏం జరుగుతోంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటాడు. ఆపైన తరగతి అంతా కొట్లాడుకుంటుంది. అతడు ఆ కొట్లాటను చేతులు కట్టుకుని, కన్నబిడ్డల అల్లరిని చూసినట్టు చూస్తాడు.

అతడు చూపే బొమ్మలన్నిటికీ ఒక మూలన చిన్న కాకి ఉంటుంది. అది అతని తాతగారి సంతకం. ఆయన్ని అందరూ కాకిగారనే పిలిచేవారు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా మనవడికి ఆయన మీద భక్తి ఇసుమంతైనా తగ్గలేదు. ఆ ఏడాది కాకిగారి శతజయంతి. కళాశాలలో ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టాలని మాస్టారు పూనుకున్నాడు. అసలు చిత్రాలు పత్రిక వారి పాత సంచికల గదిలో ఉన్నాయి. ప్రతి బొమ్మకూ ఒక వివరణ కార్డు రాసి, సరిచూడమని ఆ గదికి పంపాడు.

మూడు రోజుల తర్వాత కార్డులు తెచ్చుకోవడానికి వెళ్ళాడు. అన్నిటి మీదా ఎర్ర పెన్సిలు గీతలే.

"ఈ గీతలు ఎవరు పెట్టారండీ?"

బల్ల వెనక కూర్చున్న లైబ్రేరియన్ తలెత్తింది. అతని కన్నా రెండేళ్ళు చిన్నదై ఉంటుంది. జుట్టును పైకెత్తి ముడిచి, అందులో ఆ ఎర్ర పెన్సిలునే గుచ్చుకుంది.

"నేనేనండీ."

"ఎందుకు?"

"తప్పులకి పచ్చ గీత పెడితే ఒప్పులనుకుంటారని."

మాస్టారుకు ఒళ్ళు మండింది. పై కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇందులో తప్పేంటి? 'ప్రపంచపటం అనే దుప్పటి కోసం రెండు అగ్రరాజ్యాల లాగులాట.' ఐదేళ్ళుగా పాఠం చెబుతున్నాను దీని మీద."

"అయితే ఐదేళ్ళ పాపం." ఆమె లేచి వెళ్ళి అల్మారాలోంచి ఆ బొమ్మ అసలు ప్రతి తెచ్చి, తెల్లగుడ్డ పరిచి, దాని మీద పెట్టింది. "ఇది లాగులాట కాదు మాస్టారూ. పిండటం."

"ఏం పిండటం?"

"దుప్పటి పిండటం. లాగేవాడి మడమలు నేలలో దిగబడతాయి. వీళ్ళిద్దరూ చూడండి, హాయిగా నిలబడ్డారు. మణికట్లు చూడండి, మెలి తిరిగాయి. ఇప్పుడు కింద చూడండి. కారుతున్నవి నీళ్ళేనా?"

అతడు వంగి చూశాడు. నీటిబొట్లనుకున్నవి బొట్లు కావు. గోరంత మనుషులు. ఒకడి చేతిలో గొడుగు, ఒకామె చంకలో పిల్ల, ఇంకొకడు సైకిలుతో సహా జారిపోతున్నాడు. పటంలోని చిన్న దేశాల జనమంతా ఆ మెలిలోంచి బొట్లుబొట్లుగా రాలుతున్నారు. పుస్తకంలో బొటనవేలంత సైజులో అచ్చైన బొమ్మలో ఇదేమీ కనబడలేదు.

"మీరు జీవితంలో ఎప్పుడైనా తడి దుప్పటి పిండారా?"

"మా ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది."

"అలాగా! మీ డాక్టరేట్ కూడా దానికే ఇవ్వాల్సింది."

ఇంత అవమానం జరిగినప్పుడు మనిషికి కోపం రావాలి. మాస్టారుకు వచ్చింది కూడా. కానీ అతనిలో ఒక గుణం ఉంది, దానికి అతన్ని మెచ్చుకోకుండా ఉండలేము. తన తప్పు కళ్ళెదుట కనిపిస్తే అతడు దానికి తెర వేయడు. బొమ్మకేసి మరో ఐదు నిమిషాలు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"లాగులాట అయితే ఒకడు గెలవాలి, ఒకడు పడాలి. పిండటంలో ఇద్దరూ పడరు. ఇద్దరూ కావాలి. నలిగేది మధ్యలో ఉన్నవాళ్ళు. ఆ నలభై ఏళ్ళ కథంతా ఇదే కదండీ!"

లైబ్రేరియన్ మొదటిసారి అతన్ని పూర్తిగా చూసింది. పెన్సిలు తీసి మళ్ళీ జుట్టులో గుచ్చుకుంది. అవసరం లేకపోయినా.

మర్నాడు తరగతిలో మాస్టారు ఆ బొమ్మనే పెద్దదిగా చేసి తెర మీద వేసి, "పోయినసారి నేను చెప్పింది తప్పు" అన్నాడు.

తరగతి నిర్ఘాంతపోయింది. అధ్యాపకుడు తప్పొప్పుకోవడం ఆ పిల్లలెవరూ చూసి ఎరగరు.

"సార్, మీకు ఒంట్లో బాగానే ఉందా?" ముందు వరుసలో ఒకమ్మాయి ఆందోళనగా అడిగింది.

"బాగానే ఉంది."

"మరి ఈ కొత్త అర్థం ఎవరు చెప్పారు సార్?"

"ఒక లైబ్రేరియన్."

"ఉత్త లైబ్రేరియనేనా, మీ కాబోయే ఆవిడగారా సార్?" వెనక బెంచీలోంచి వినిపించింది.

"అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాడు మాస్టారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆనాటి నుంచి మధ్యాహ్నం క్లాసులు కాగానే అతడు పాత సంచికల గదికి వెళ్ళేవాడు. రోజుకు ఆరు కార్డుల చొప్పున దిద్దాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ గదిలో పాత కాగితం వాసన, నెమ్మదిగా తిరిగే ఫ్యాను, చేతులకు తెల్లటి నూలు తొడుగులు. నాలుగున్నరకు కింద క్యాంటీన్‌లో టీ. ఆ టీలో చక్కెర ఎక్కువని ఆమె, తక్కువని అతడు రోజూ వాదించుకునేవారు.

ఒక బొమ్మలో, నగరాన్ని రెండుగా కోస్తూ కొత్తగా లేచిన గోడ ఒక బట్టలు ఆరేసే తీగను సరిగ్గా మధ్యకు చీల్చింది. చొక్కా ఇటు, దానితో ఉతికిన ప్యాంటు అటు. తీగ గలావిడ రెంటికీ మధ్య నిలబడి, చేతిలో క్లిప్పుతో, ఎవర్ని తిట్టాలో తెలియక చూస్తోంది. ఇంకొకదానిలో ఇద్దరు లావుపాటి పెద్దమనుషులు రాకెట్లు దిగి, చందమామ తలుపు ముందు నిలబడి, గంట నేను ముందు కొట్టానంటే నేను ముందని తన్నుకుంటున్నారు. చందమామ కిటికీలోంచి తల పెట్టి, "ఇంట్లో ఎవరూ లేరు" అంటున్నాడు.

అది చూసి ఇద్దరూ ఎంత నవ్వారంటే, పక్క గదిలోంచి ఉపసంపాదకుడు వచ్చి ఏమైందని అడిగి వెళ్ళాడు.

"ఎంత గొప్పవాడండీ మా తాతయ్య!" కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు మాస్టారు. "ప్రపంచం బూడిదైపోతుందేమోనని అందరూ వణికిపోతున్న రోజుల్లో, ఆ వణుకుని కూడా నవ్వించాడు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"మీ కార్డుల మీద ఇంకొక ఎర్ర గుర్తు ఉంది. ఇన్ని రోజులుగా మీరు దాన్ని అడగలేదు."

ఉంది. గోడ లేచిన వేసవి మొదలు క్షిపణుల సంక్షోభం సద్దుమణిగిన చలికాలం దాకా, పదిహేను నెలల కాలానికి చెందిన అరవై నాలుగు కార్డుల మీద, చిత్రకారుడి పేరు పక్కన, చిన్న ప్రశ్నార్థకం.

"పొరపాటున పెట్టారేమో అనుకున్నాను."

"నేను పొరపాటున ఏదీ పెట్టను." ఆమె రెండు అసలు ప్రతులు పక్కపక్కన పరిచింది. "ఇది అంతకు ముందు ఏడాదిది. మూలన కాకి ఉందా?"

"ఉంది."

"ఇది దుప్పటి బొమ్మ. కాకి ఏది?"

లేదు. మూల ఖాళీ. పక్కన అంచులో నీలం పెన్సిలుతో అప్పటి సంపాదకుడి దస్తూరీ: 'కాకి బ్లాకు వేయండి.'

ఆ కాలంలో బొమ్మను జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో గీతలు తేల్చి, చెక్క దిమ్మకు బిగించి అచ్చు వేసేవారు. ఆ దిమ్మనే బ్లాకు అంటారు. సంతకం లేని బొమ్మ పక్కన, పాత కాకిని విడిగా చేసి పెట్టుకున్న ఒక చిట్టి బ్లాకును చేరిస్తే, పత్రికలో కాకిగారి బొమ్మ అయి కూర్చుంటుంది.

"తాతయ్య సంతకం పెట్టడం మరిచిపోయి ఉంటారు."

"అరవై నాలుగు సార్లా?"

"మీరు మా తాతయ్యని దొంగ అంటున్నారా?"

"నేను ప్రశ్నార్థకం పెట్టాను. మీరు జవాబు చెప్పుకుంటున్నారు."

మాస్టారు తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాడు. ఎందుకు వచ్చాడని అడిగితే కార్డుల కోసం అని చెప్పేవాడు. ఆమె అడగలేదు.

"ఆదివారం మా ఇంటికి రండి. మీకు ఒకరిని చూపించాలి" అన్నది మాత్రమే.

ఆదివారం పగలు అతడు ఆ ఇంటి మెట్లెక్కేసరికి వాన దంచికొడుతోంది. మేడ మీద తీగల నిండా దుప్పట్లు. లైబ్రేరియన్ తడుస్తూ వాటిని లాక్కుంటోంది.

"చూస్తూ నిలబడకండి, ఆ చివర పట్టుకోండి!"

పట్టుకున్నాడు. వసారాలోకి పరిగెత్తారు. అక్కడ ఒక పెద్దావిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. చూపు మాత్రం కొత్తగా చెక్కిన పెన్సిలులా ఉంది.

"మా అమ్మమ్మ" అన్నది లైబ్రేరియన్. "పిండండి ముందు, నమస్కారాలు తర్వాత."

ఎదురెదురుగా నిలబడి పిండటం మొదలుపెట్టారు. మాస్టారు ఆమె చేతుల్ని చూస్తూ, ఆమె ఎటు తిప్పితే అటే తిప్పాడు. దుప్పటి మెలి పడలేదు. తాడులా గిరగిర తిరుగుతోందంతే. నీళ్ళన్నీ అందులోనే ఉన్నాయి.

"ఏమబ్బాయ్, దుప్పటిని పిండుతున్నావా, ఆడిస్తున్నావా?" అన్నది అమ్మమ్మ.

"ఆవిడ తిప్పినట్టే తిప్పుతున్నానండీ."

"అందుకే చెడింది. దాన్ని చూడకు. నీ కుడికి నువ్వు తిప్పు. అది దాని కుడికి తిప్పుతుంది. ఎదురుగా నిలబడ్డారు కాబట్టి మెలి పడుతుంది."

తన కుడికి తిప్పాడు. దుప్పటి బిగిసింది. నీళ్ళు ధారగా కారాయి. బిగిసినకొద్దీ దుప్పటి పొట్టిదై, పట్టుకున్న ఇద్దరూ ఒక్కో అడుగు దగ్గరవుతూ వచ్చారు. ఆమె కనురెప్పల మీద వాన చినుకులు కూడా లెక్కపెట్టగలిగేంత దగ్గరికి. లెక్కపెట్టాడు కూడా. ఐదు.

"చూశావా?" అమ్మమ్మ గొంతు కుర్చీలోంచి వచ్చింది. "ఇద్దరూ చేసేది ఒకటే పని. ఎవరికి వాళ్ళు సవ్యంగానే తిప్పుతున్నామనుకుంటారు. ఎదుటివాడే వంకరగా తిప్పుతున్నాడనుకుంటారు. మధ్యలో ఉన్నవాటి ప్రాణం పోతుంది. ఆనాడు అదే గీశాను."

దుప్పటి మాస్టారు చేతిలోంచి జారి నేల మీద పడింది.

"మీరు... గీశారా?"

"బ్లాకుల గదిలో పని నాకు. అచ్చులో చెడిన గీతల్ని సరిచేయడం. కాకిగారి చెయ్యి విరిగితే, ఆదివారం మొదటి పేజీలో బొమ్మ చోటు ఖాళీగా ఉందని గీసి ఇచ్చాను. బాగుందన్నారు. మళ్ళీ గీయమన్నారు. పేరు అడిగితే సంపాదకుడు నవ్వి, క్షిపణుల గురించి ఆడపిల్ల గీస్తే ఎవరు నమ్ముతారమ్మా అన్నాడు. కొంచెం ఆగు, నేను చెబుతానుగా అన్నారు మీ తాతగారు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు, రొద లేదు. కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది. "చెయ్యి బాగుపడ్డాక ఆయన గీసుకున్నారు. నన్ను మళ్ళీ చెడిన గీతలు దిద్దుకోమన్నారు. మానేశాను."

మాస్టారు వంగి దుప్పటి తీసి లైబ్రేరియన్ చేతికిచ్చాడు. నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. లైబ్రేరియన్ వెనకే వచ్చింది.

"ముందే ఎందుకు చెప్పలేదు మీరు?"

"చెబితే బొమ్మలు చూసేవారా? మా ఇంటి గొడవ అని నన్ను చూసేవారు."

"అంటే ఇన్నాళ్ళు నాతో తాగిన టీలన్నీ సాక్ష్యం కోసమేనా?"

"మొదటి రెండు టీలు అవును."

"మిగతావి?"

"మిగతావి ఎందుకో తెలుసుకోలేనివాళ్ళకి నేను చెప్పను" అని ఆమె పైకి వెళ్ళిపోయింది. అతడు వానలోనే ఇంటికి నడిచాడు.

ఇంట్లో నాయనమ్మ కిటికీ దగ్గర కూర్చుని పత్రికలో పదకేళి నింపుతోంది. ఎనభై ఎనిమిదేళ్ళు. కాకిగారి భార్య.

"ఏంట్రా, నీళ్ళోడుతున్నావు? గొడుగు ఎవరికి దానం చేశావు?"

"నాయనమ్మా, తాతయ్య చెయ్యి ఎప్పుడైనా విరిగిందా?"

ఆవిడ పెన్ను ఆగింది.

"గోడ కట్టిన ఏడాది. స్కూటరు మీంచి పడ్డారు. కుడి మణికట్టు నుజ్జయింది. పదిహేను నెలలు చెంచా కూడా ఎడమచేత్తోనే."

"మరి ఆ పదిహేను నెలలు..."

"నీకు తెలిసిపోయిందిగా, మళ్ళీ నాచేత ఎందుకు చెప్పిస్తావు?" నాయనమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీ తాత చెడ్డవాడు కాదురా. పిరికివాడు. పిరికితనంతో చేసిన అన్యాయానికి ఎవరూ శిక్ష వేయరు, అదే దాని సుఖం. రోజూ రాత్రి అన్నం ముందు కూర్చుని, 'రేపు చెబుతానే' అనేవారు. ఆ రేపు రాలేదు. పోయేముందు నన్ను పిలిచి, 'ఆ అమ్మాయిని వెతికి చెప్పు' అన్నారు."

"చెప్పావా?"

"లేదు."

"పన్నెండేళ్ళు నాయనమ్మా!"

"నేను ఏ సభకి వెళ్ళినా కాకిగారి భార్య అని జనం లేచి నిలబడేవాళ్ళు. ఆ లేచి నిలబడటం బాగా అలవాటైపోయింది కన్నా. ఆయన నాకు అప్పగించిన బాకీ అది. కట్టకుండా దాచుకున్నాను. ఆయన కన్నా నా తప్పే పెద్దది."

ఆవిడ కూడా ఏడవలేదు. ఆ తరం ఆడవాళ్ళు నిజం చెప్పేటప్పుడు ఏడవరు.

మాస్టారు నేల మీద కూర్చుండిపోయాడు. అతని ముందు రెండే దారులు. ప్రదర్శనలో ఆ అరవై నాలుగు బొమ్మల్ని పక్కన పెట్టేసి, తాతయ్య పేరు కాపాడుకోవచ్చు. లేదా నిజం చెప్పి, తను పూజించిన మనిషిని తన చేతులతోనే కిందికి దించవచ్చు. ఆ తాతయ్యే అతనికి అక్షరాల కన్నా ముందు బొమ్మలు నేర్పాడు.

"తీసేస్తే ఎవరికీ తెలియదురా" అన్నది నాయనమ్మ, అతన్ని పరీక్షగా చూస్తూ.

"నాకు తెలుసుగా. రేపు క్లాసులో ఆ దుప్పటి బొమ్మ వేసి, ఎవరు నలిగారో చెప్పండి అని ఏ ముఖంతో అడగను?"

నాయనమ్మ అతని తడి తల మీద చెయ్యి వేసింది. "అదీ మాట. ఇంతకీ నీకిది బయటపెట్టింది ఎవరు?"

"లైబ్రేరియన్. ఆవిడ మనవరాలు."

"ఓహో. నెల్లాళ్ళుగా చొక్కా ఇస్త్రీ లేకుండా బయటికి వెళ్ళనిది ఆ లైబ్రరీకేనా?"

"నాయనమ్మా!"

"నేను బాకీ కడతాను కానీ, నువ్వు ఆ పిల్లతో చెడగొట్టుకుని వచ్చినట్టున్నావు. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. నీ సంగతి నువ్వు చూసుకో."

మర్నాడు ముగ్గురు పత్రిక సంపాదకుడి గదిలో ఉన్నారు. మాస్టారు, చేతికర్రతో నాయనమ్మ, అసలు ప్రతుల పెట్టెతో లైబ్రేరియన్. ఆమె అతనికేసి చూడలేదు. సంపాదకుడు యువకుడు, మర్యాదస్తుడు. అంతా విని చెమట తుడుచుకున్నాడు.

"చాలా బాధాకరం. ఒక పని చేద్దాం. ప్రదర్శన పుస్తకంలో చివర ఒక ఫుట్‌నోట్ వేద్దాం. ఈ కాలపు చిత్రాలకు ఒకరి సహాయం అందినట్టుగా..."

"సహాయం కాదు సార్. చిత్రాలే అందాయి" అన్నాడు మాస్టారు.

"మాస్టారూ, ఇది మీ తాతగారి శతజయంతి!"

"తాతయ్య గీసినవి మూడు వేల పైచిలుకున్నాయి. ఆయన్ని నిలబెట్టడానికి అవి చాలు. చాలకపోతే ఆయన నిలబడక్కర్లేదు."

లైబ్రేరియన్ అప్పుడు అతన్ని చూసింది.

నాయనమ్మ చేతికర్రతో నేల మీద తట్టింది. "నాయనా, ఆ బొమ్మలు ఏ పేజీలో వేసేవాళ్ళు?"

"మొదటి పేజీలోనండీ. పైన, కుడివైపు."

"ఎన్ని కాలమ్స్?"

"మూడు."

"మరి తప్పు ఒప్పుకునేది కూడా మొదటి పేజీలో, పైన, కుడివైపు, మూడు కాలమ్స్. అరవై నాలుగు బొమ్మల కిందా ఆవిడ పేరు. చివర్న ఫుట్‌నోట్లో నా పేరు వేసుకో, అభ్యంతరం లేదు."

సంపాదకుడు ఆవిడ వంకా, పెట్టె వంకా చూసి, ఫోను తీసి మొదటి పేజీ వాళ్ళను పిలిచాడు.

కార్యాలయం మెట్ల మీద మళ్ళీ వాన. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. నాయనమ్మ ఆటో ఎక్కేసి, "నాకు తొందర పనుంది, మీరు నెమ్మదిగా రండి" అని వెళ్ళిపోయింది. ఆవిడకు ఆ వయసులో ఉన్న తొందర పనేమిటో ఇద్దరికీ తెలుసు.

"నిన్న నేను అన్న మాట తప్పు" అన్నాడు మాస్టారు.

"ఏ మాట?"

"టీల గురించి. మీరు నిజం కోసం వచ్చి నా దగ్గర కూర్చున్నారు. నేనే వేరే పని మీద వచ్చాను. మూడో రోజు నుంచి నాకు కార్డుల మీద ధ్యాస లేదు. ఆరు దిద్దాల్సింది నాలుగే దిద్దేవాణ్ణి, మర్నాడు మళ్ళీ రావచ్చని."

"నాకు తెలుసు. అందుకే నేను మూడు దిద్దేదాన్ని."

అతడు నివ్వెరపోయి చూశాడు. ఆమె నవ్వును దాచుకోవడానికి వానకేసి తిరిగింది.

"ఇంకొక ప్రశ్న అడగొచ్చా?"

"తప్పుగా అడిగితే దిద్దుతాను."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె కాసేపు ఆలోచించినట్టు నటించింది. "దిద్దడానికేమీ లేదు. కానీ మా అమ్మమ్మ ఒప్పుకోవాలి. ముందు ఆవిడకి రావాల్సింది ఆవిడకి రావాలి. ఆ తర్వాతే నేను."

"ఆ వరస నాకూ సమ్మతమే" అన్నాడు మాస్టారు. వానలోకి ఇద్దరూ కలిసే దిగారు.

ప్రదర్శన రోజు ఉదయం పత్రిక మొదటి పేజీలో, పైన, కుడివైపు, మూడు కాలమ్స్‌లో దుప్పటి బొమ్మ మళ్ళీ అచ్చయింది. మూలన కాకి లేదు. కింద అమ్మమ్మ పేరు, దాని కింద పత్రిక క్షమాపణ.

తలుపులు తెరవడానికి గంట ముందే హాలులో ఇద్దరు ముసలివాళ్ళు ఎదురుపడ్డారు.

"నేను పన్నెండేళ్ళ కిందట రావాల్సింది. రాలేదు" అన్నది నాయనమ్మ. "ఆయన తరఫునా, నా తరఫునా..."

"క్షమాపణ పేపర్లో చదివాను" అన్నది అమ్మమ్మ. "మళ్ళీ వద్దు. నేను వచ్చింది సంతకాలు పెట్టడానికి."

"ఏ సంతకాలు?"

"నా బొమ్మల మీద నా సంతకం. అచ్చులో వాళ్ళు వేసింది వాళ్ళ లెక్క. కాగితం మీద వేయాల్సింది నేను."

లైబ్రేరియన్ కంగారు పడింది. "అమ్మమ్మా, పాత కాగితాలు. పెన్సిలుతో అయితే..."

"పెన్సిలు రబ్బరుకి భయపడుతుంది. సిరా తీసుకురా."

సంపాదకుడు తలూపాడు. మాస్టారు అరవై నాలుగు బొమ్మల్నీ గోడ మీంచి దించి బల్ల మీద పేర్చాడు. అమ్మమ్మ కూర్చుంది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పొల్లు తప్పకుండా రాయసాగింది. ఎదుట కూర్చున్న నాయనమ్మ ఒక్కో కాగితం చుట్టుకోకుండా అంచులు అదిమి పట్టి, సంతకం ఆరాక తీసి పక్కన పెడుతోంది. ఎవరూ ఆమెను అడగలేదు ఆ పని చేయమని.

నలభయ్యో బొమ్మ దగ్గర అమ్మమ్మ వేళ్ళు వణికాయి.

"కాసేపు ఆగండి" అన్నది నాయనమ్మ.

"ఒకసారి ఆగమంటే అరవై ఏళ్ళు ఆగాను" అన్నది అమ్మమ్మ.

నాయనమ్మ లేచి, బల్ల చుట్టూ వచ్చి, ఆవిడ మణికట్టు కింద తన అరచెయ్యి ఆసరాగా పెట్టింది. అమ్మమ్మ ఒక్క క్షణం ఆ చేతికేసి చూసింది. తీసేయమనలేదు. నలభై ఒకటో బొమ్మ మీద వణుకు లేని పేరు పడింది.

యాభై దాటాక, తలెత్తకుండానే అడిగింది. "ఏమబ్బాయ్, మా పిల్లని అడిగావుటగా?"

"అడిగానండీ."

"దుప్పటి పిండటం వచ్చా ఇప్పుడు?"

"వారానికి రెండుసార్లు అభ్యాసం చేస్తున్నానండీ. మెషీన్ ఆపేసి."

"మా కరెంటు బిల్లు సగమైంది" అన్నది నాయనమ్మ.

అమ్మమ్మ పెదవుల చివర ఏదో కదిలింది. అది నవ్వేనని లైబ్రేరియన్ తర్వాత ఒట్టేసి చెప్పింది. "సరే. చేసుకోండి. పేరు మాత్రం ఎవరిది వాళ్ళు ఉంచుకోండి."

అరవై నాలుగో బొమ్మ చందమామది. అమ్మమ్మ దాన్ని కాస్త ఎక్కువసేపు చూసుకుంది. ఇరవై ఏళ్ళ వయసులో తను పెట్టిన ఒక గీతను వేలితో తడిమి, బాగానే ఉందన్నట్టు తలాడించి, మూలన పేరు రాసింది.

నాయనమ్మ ఆ దొంతరంతా తిరగేసి చూసింది. ఒకటి కూడా తప్పిపోకూడదని మొదటి నుంచి చివరి దాకా చూసింది.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నది.

"లేవు" అన్నది అమ్మమ్మ, పెన్ను మూత బిగిస్తూ. "మీ ఇంటి నుంచి నాకు రావాల్సింది ఇంకేమీ లేదు."

తర్వాత, లేవడానికి, నాయనమ్మ వైపు చెయ్యి చాచింది.